గొట్టం మార్చే తుపాకీ

కొండ మీద మా వేట గుడిసెలో నాలుగు పడకలు. అయిదోది పట్టదు. తలవైపు పలక మీద ఎవరి పేరు వాళ్ళది, కాల్చిన మేకుతో రాసి ఉంటుంది. మనిషి పోతే ఆ పేరు బాడిసెతో చెక్కేసి కొత్త పేరు కాలుస్తారు. చెక్కీ చెక్కీ పలకలు పల్చబడ్డాయి. ఊళ్ళో పొలం కొనుక్కోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. ఆ పడక మాత్రం ఎవరో ఒకరు చస్తే తప్ప రాదు.

ఆ ఏడు మార్చిలో బాల్ట్సర్ పోయాడు. అడవిలో దుంగలు దింపుతుంటే ఒకటి గొలుసు తెంచుకుని అతని మీదుగా దొర్లింది. మిగిలింది ముగ్గురం. ఉత్తరాలు పంచే జేరి, కలప కోతమిల్లు నడిపే ప్లాట్సి, నేను.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా వంటింట్లో కూర్చుని బార్లీ చారు తాగుతున్నాం. బాల్ట్సర్ కూతురు బార్లా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పాల కేంద్రంలో చీజు చేసే పని. చేతిలో వాళ్ళ నాన్న టోపీ ఉంది.

"నాన్న పడక నాకు కావాలి," అంది. కూర్చోలేదు.

జేరి చెంచా కింద పెట్టాడు. "ఏ పడక?"

"గుడిసెలోది. ఇంట్లో నాకు మంచం ఉంది."

ప్లాట్సి నవ్వాడు. "అమ్మాయ్, రాత్రి మేం చేసే చప్పుళ్ళు వింటే తెల్లారేసరికి నువ్వు కన్యాస్త్రీల మఠంలో తేలతావు."

"మా నాన్న పక్క గదిలో ఇరవై నాలుగేళ్ళు పడుకున్నాను మావయ్యా. మీవి అంతకంటే గొప్పవా?"

జేరి కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పడక మా ఫ్లురీన్‌కి అనుకుని ఉన్నాను. నా కొడుక్కి అప్పటికి ఇరవై ఆరు. వాడు అడగలేదు. వాడు ఏదీ అడిగే రకం కాదు. అందుకే వాడి తరఫున నేను అనుకోవాల్సి వచ్చేది.

"బాల్ట్సర్ అనేవాడు కదరా లురేన్, నా తర్వాత బార్లాకే అని," అన్నాడు జేరి నా వైపు తిరిగి.

"తాగినప్పుడు అనేవాడు," అన్నాను.

"తాగకుండా ఏమైనా అన్నాడా ఎప్పుడైనా?" అన్నాడు ప్లాట్సి.

మా పద్ధతి ఒకటుంది. మొదటి ఏడు వచ్చినవాడు పడక ఎక్కడు, బల్ల మీద పడుకుంటాడు. మూడు రోజులు వేటాడతాడు. మొదటి జంతువు ఒక్క దెబ్బకి పడాలి. గాయపరిచి పోగొట్టుకుంటే మాటే లేదు, మూట కట్టుకుని దిగిపోవడమే. గాయపరిచినా వెతికి పట్టుకుంటే అప్పుడు తూటాలు మాట్లాడతాయి. మూడో రోజు సాయంత్రం మిగిలినవాళ్ళం బల్ల మీద తలో తూటా పెడతాం. నిలబెడితే ఒప్పుకున్నట్టు. పడుకోబెడితే ఒప్పుకోనట్టు. ఒక్కటి పడుకున్నా పడక లేదు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

"ఆ పద్ధతి నాకూ పెట్టండి," అంది బార్లా.

కాదనడానికి వీల్లేకపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నన్ను ఆపింది. "పెదనాన్నా, తుపాకీ కొనాలి. నువ్వు చూసి పెట్టాలి."

నేను ఆ పిల్లకి జ్ఞానతండ్రిని. జ్ఞానస్నానం రోజున నీళ్ళ మీద పట్టుకున్నది నేనే. ప్రతి కొత్త సంవత్సరం రోజున వచ్చి నా చేత్తో కానుక తీసుకుపోయేది, మా ఊళ్ళో పిల్లలందరిలాగే. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరు తుపాకీ కొన్నా నా చేతికిచ్చి చూపించుకుని కొనేవాళ్ళు. కాబట్టి నన్ను కాక ఎవరిని అడుగుతుంది.

ఆ పిల్లకి కావలసింది మామూలు తుపాకీ కాదు. ఊరి షూటింగ్ సంఘంలో మూడొందల మీటర్ల గురికి ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. దానికి సన్నటి తూటా కావాలి. దుప్పి వేటకి మా వైపు చట్టం వేరు, పది మిల్లీమీటర్లు దాటిన లావు తూటా ఉండాలి. రెండింటికీ రెండు తుపాకులు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. బార్లా ఒకటే కావాలంది. భుజానికి ఆనించే కట్టె ఒకటే, వేలితో లాగే మీట ఒకటే, గొట్టాలు మాత్రం రెండు. పోటీ గురికి సన్నది బిగించుకోవాలి, వేటకి అది విప్పి లావుది బిగించుకోవాలి.

"చెయ్యి ఒక్క తుపాకీకే అలవాటు పడాలి పెదనాన్నా. వేసవంతా కొట్టిన మీటే సెప్టెంబరులోనూ నా వేలికింద ఉండాలి," అంది.

తెలివైన మాటే. అలాంటి తుపాకీకి ప్రాణం ఒక్కచోటే ఉంటుంది. విప్పిన గొట్టం మళ్ళీ బిగిస్తే వెంట్రుక వాసి తేడా లేకుండా పాత చోటే కూర్చోవాలి. కూర్చుంటే బంగారం. కూర్చోకపోతే, కలప ఎంత అందంగా ఉన్నా, గురి చూసే దుర్భిణి ఎంత ఖరీదైనదైనా, అది కర్ర.

జూలైలో ఇద్దరం ఎర్ర రైలెక్కి పట్నానికి, కోయిరకి వెళ్ళాం. అంగడివాడు యోస్ అని, పొట్టివాడు, మనిషి కంటే ముందు మనిషి భుజం చూస్తాడు. వాడి దగ్గర అలాంటివి రెండున్నాయి, రెండూ ఒకరి చేతిలో ఆడినవే, ధరలో పెద్ద తేడా లేదు.

ఒకటి అనాకారి. పాత యజమాని దాని కట్టెకి ట్రాక్టరు ఆకుపచ్చ రంగు పూశాడు. గొట్టం మార్చాలంటే మూడు మరలు విప్పాలి, పావుగంట పని. రెండోది అక్రోటు కట్టెది. తేనె రంగు మీద నల్లటి అలలు. పక్కన చిన్న పిడి ఉంటుంది, తిప్పితే గొట్టం ఊడొస్తుంది, తిప్పితే కూర్చుంటుంది. లెంపకాయ కొట్టినంత సేపు పట్టదు.

బార్లా ఆకుపచ్చదాన్ని భుజానికెత్తుకుని కళ్ళు మూసుకుని తెరిచింది. కన్ను సూటిగా దుర్భిణి అద్దం వెనకే ఉంది. "ఇది నాకోసం కోసినట్టుంది," అంది.

"దాంతో కొండెక్కితే దుప్పులు నవ్వి చస్తాయి, తూటా ఖర్చు ఉండదు," అన్నాడు యోస్.

"కొట్టి చూస్తే గానీ చెప్పలేం," అన్నాను. "నువ్వెళ్ళి ఆఫీసులో తుపాకీ కొనడానికి అనుమతి ఇచ్చే కొనుగోలు కాగితం తెచ్చుకో. ఈలోగా నేను చూస్తాను."

ఆ పిల్ల వెళ్ళింది. అంగడి వెనక రాళ్ళ గని ఉంది, వంద మీటర్ల గురి బాట అక్కడే. యోస్ అలవాటు ప్రకారం రెండు గురి అట్టల మీద అంగడి ముద్ర వేసి, ఎర్ర పెన్సిలుతో ఏ అట్ట మీద ఏ తుపాకీ నంబరో రాసి ఇచ్చి, తను లోపలికి పోయాడు.

రెండింటికీ లావు గొట్టమే బిగించాను. ముందు ఆకుపచ్చది. మూడు కొట్టాను. మరలు విప్పి గొట్టం తీసి గడ్డి మీద పెట్టాను. మళ్ళీ బిగించి మూడు కొట్టాను. ఆరు చిల్లులూ అగ్గిపెట్టె కింద దాగిపోతాయి.

తర్వాత అక్రోటుది. మూడు కొట్టాను, మూడూ నడిమధ్య. పిడి తిప్పి తీసి, తిప్పి బిగించి మూడు కొట్టాను. ఆ మూడూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నట్టు పక్కపక్కనే ఉన్నాయి, కానీ మొదటి మూడింటికి జానెడు ఎడంగా, ఎడమవైపు. గొట్టం తీసి కూర్చునే గాడి చూశాను. ఒకవైపు అరిగి అద్దంలా మెరుస్తోంది. బిగించిన ప్రతిసారీ అది కొత్త చోట కూర్చుంటుంది. విప్పకుండా ఉన్నంతకాలం దాన్ని మించింది లేదు. విప్పితే అబద్ధాలకోరు.

అక్కడ రాయి మీద కూర్చున్నాను. చుట్ట ఒకటి పూర్తిగా కాల్చాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. తొందరలో చేశానని నేను ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆకుపచ్చదాని అట్ట యోస్‌కి ఇచ్చాను. అక్రోటుదాని అట్ట నా సంచిలో వీపువైపు దోపుకున్నాను. "రెండూ బాగున్నాయి," అన్నాను యోస్‌తో. వాడు తలూపాడు.

బార్లా కాగితంతో వచ్చింది. అక్రోటుది ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"ఇదా? ఆకుపచ్చది నాకు బాగా కుదిరింది పెదనాన్నా."

"కొట్టింది నువ్వా నేనా?"

"నువ్వే."

"విప్పి బిగించి కొట్టాను. ముందు మూడు, తర్వాత మూడు."

"అయితే చాలు," అని దాన్నే కొనుక్కుంది. నేను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. రైల్లో ఆ తుపాకీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో వాళ్ళమ్మ కట్టిచ్చిన ఎండు మాంసం, రొట్టె తీసి పెద్ద ముక్కలు నాకు పెట్టింది. తిన్నాను.

వేసవంతా ఆ పిల్ల సన్న గొట్టమే ఉంచింది. ఒక్కసారి విప్పలేదు, విప్పే పని పడలేదు. ఆదివారం ఆదివారం గురికి వచ్చేది. చివరి పోటీలో ఊరందరి కంటే పైన నిలిచింది. గెలిచినవాళ్ళకిచ్చే దండ మెళ్ళో వేసుకోకుండా తీసుకెళ్ళి వాళ్ళ నాన్న సమాధి మీది సిలువకి తగిలించింది. వచ్చే ఏడు జిల్లా పోటీలకి పంపాల్సిందేనని సంఘం వాళ్ళందరూ అన్నారు. "తుపాకీ ఎవరు చూశారు మరి," అన్నాడు జేరి నా వీపు మీద చరిచి.

వేట సెప్టెంబరులో ఒక సోమవారం మొదలవుతుంది. దానికి ముందు శనివారం అందరం ఊరి గురిబాట దగ్గర వేట తుపాకులు సరిచూసుకుంటాం. ఆ అట్టలు పైకి మోసుకెళ్ళి గుడిసె తలుపుకి మేకు కొడతాం, నా తుపాకీ నికరంగా ఉందని మిగతావాళ్ళకి చూపించడానికి. గుడిసె దగ్గర ముందుగా తుపాకీ పేల్చకూడదు, జంతువులు కొండ దాటిపోతాయి. బార్లా ఆ శనివారం మొదటిసారి సన్నది తీసి లావుది బిగించింది. నాలుగు తూటాలతో దుర్భిణి సరిచేసుకుంది, తర్వాతి మూడు నడిమధ్య కొట్టింది.

నా తుపాకీ కూడా ఆ రోజే చూసుకున్నాను. అట్ట కోసం సంచిలో చెయ్యి పెడితే కోయిర అట్ట తగిలింది. దళసరి అట్ట, వెనక వైపు తెల్లగా ఉంది. మా వైపు అట్ట ముక్క కూడా ఎవరూ పారెయ్యరు. పాత చిల్లుల మీద కాగితం ముక్కలు అంటించి, తెల్లవైపు బొగ్గుతో నల్లచుక్క గీసి, కొట్టాను. కొత్త చిల్లులు మూడూ బాగానే పడ్డాయి.

ఆదివారం పూజ అయ్యాక కొండెక్కాం. దారిలో బండకి బిగించిన ఇనప నిచ్చెన ఉంది, నలభై మెట్లు. దాని కింద ఆగినప్పుడు బార్లా తుపాకీ వీపుకి అడ్డంగా కట్టుకుంటోంది.

"అంత పొడుగు గొట్టం మెట్లకి తగులుకుంటుంది. పిడి తిప్పి విప్పేసి సంచిలో పెట్టుకో. ఆ పిడి ఉన్నదే అందుకు," అన్నాను.

"నిన్ననే సరిచూసుకున్నాను కదా. పైన బిగిస్తే మళ్ళీ అక్కడే కూర్చుంటుందా?"

"కోయిరలో నేనేం చేశాను?"

ఆ పిల్ల పిడి తిప్పింది. గొట్టం ఊడొచ్చింది. పాతగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

గుడిసె దగ్గర అట్టలన్నీ తలుపుకి కొట్టాం. నా అట్ట చూసి జేరి పగలబడి నవ్వాడు. "చూడండ్రా, లురేన్ అట్టకి కూడా మాట్లు వేసుకుంటాడు. వీడి భార్య ఇన్నేళ్ళు ఎలా కాపురం చేసిందో."

"ఆవిడ మీద ఒక్క మాటు లేదు, అక్కడ ఖర్చు పెట్టడు," అన్నాడు ప్లాట్సి.

బార్లా కూడా నవ్వింది. ఖాళీ పడక కేసి ఒకసారి చూసి, పలక మీది బాల్ట్సర్ పేరు బొటనవేలితో తుడిచి, బల్ల మీద కంబళి పరుచుకుంది.

మొదటి రోజు కొత్తవాళ్ళ పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. జ్ఞానతండ్రిని కాబట్టి నేనే వెళ్ళాను. వెలుతురు వచ్చీ రాకముందే దేవదారు చెట్ల అంచున బోర్లా పడుకున్నాం. గడ్డి మీద మంచు గడ్డకట్టింది. ఎదురుగా దిబ్బ మీదికి దుప్పి ఒకటి వచ్చింది. ఒక్కో కొమ్ముకి ఆరేసి మొనలు. నూట యాభై అడుగులు కూడా లేదు అనిపించింది, కానీ కొండ మీద కన్ను మోసం చేస్తుంది, మీటర్లలో నూటికి పైనే. కుడివైపు తిరిగి, పూర్తిగా పక్కకి నిలబడింది. అలా నిలబడే దుప్పి పదేళ్ళకి ఒకటి దొరుకుతుంది.

బార్లా సంచి మీద తుపాకీ ఆనించింది. ఊపిరి వదలడం వినపడింది. చేతిలో వణుకు లేదు. చెంప కట్టెకి ఆనించి, పెదవి కదలకుండా అడిగింది, "కొట్టనా పెదనాన్నా?"

నేను ఆగమంటే చాలు. తుమ్మినా చాలు.

"కొట్టు," అన్నాను.

తూటా తగిలిన చప్పుడు వేటగాడికి తెలుస్తుంది. భుజానికి తగిలితే పలక విరిగినట్టుంటుంది. ఇది తడి గోనె మీద కర్రతో కొట్టినట్టు వచ్చింది. దుప్పి వీపు విల్లులా పైకి వంచింది. కడుపు. అది వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ చెట్లలోకి పోయింది.

బార్లా తుపాకీ మీంచి తల ఎత్తలేదు. "నేను భుజం మీద పెట్టాను," అంది.

"మీట లాగినప్పుడు గుంజి ఉంటావు."

"గుంజలేదు."

"అందరూ అదే అంటారు."

కడుపు దెబ్బ తగిలినదాన్ని వెంటనే తరమకూడదు. తరిమితే పేగులు ఈడ్చుకుంటూ లోయలు దాటుతుంది. ఆ పిల్లకి తెలుసు. అక్కడే కూర్చుంది. ఎండ వచ్చాక వెళ్ళి గడ్డి చూసింది. రక్తం కొంచెం, దాంట్లో నమిలిన పచ్చగడ్డి. ఆ వేళ్ళని చాలాసేపు ప్యాంటుకి తుడుచుకుంది. చట్టప్రకారం ప్లాట్సి కిందికి దిగి వేట గార్డుకి చెప్పాడు. గార్డు పేరు తుమాష్. వాసన పట్టే కుక్కని తీసుకుని మర్నాడు వచ్చేసరికి కొండంతా పొగమంచు. మంగళవారం రోజంతా బార్లా, తుమాష్, కుక్క తిరిగారు. మూడుచోట్ల అది పడుకున్న గుర్తులు దొరికాయట. పడుకోవడం, నొప్పికి లేవడం, మళ్ళీ నడవడం.

బుధవారం పొద్దున వాగులో దొరికింది. నీళ్ళలో కూర్చుని ఉంది, కడుపు చల్లబడుతుందని కాబోలు. బతికే ఉంది. ఈగలు దాన్ని అప్పుడే చచ్చినట్టు లెక్కేశాయి. మనిషిని చూసి లేవబోతే వెనక భాగం రాలేదట. ముందు కాళ్ళతో నీళ్ళు కొట్టిందట. బార్లా మూడడుగుల దగ్గరకి వెళ్ళి పని ముగించింది. వేటగాళ్ళ ఆచారం ప్రకారం చివరి మేతగా దాని నోట్లో దేవదారు రెమ్మ పెట్టింది. వేట గెలిచిన గుర్తుగా తన టోపీకి పెట్టుకోవాల్సిన రెమ్మని వాగులో పడేసిందని తుమాష్ తర్వాత చెప్పాడు. మాంసం కుళ్ళింది, పూడ్చేశారు.

గాయపరిచినవాళ్ళ తుపాకీకి గార్డు అక్కడికక్కడే పరీక్ష పెడతాడు. చెక్క ఒకటి నిలబెట్టి కొట్టించాడు. మూడూ ఒకచోటే, జానెడు ఎడమకి. గొట్టం విప్పి బిగించమన్నాడు. ఈసారి మూడూ ఒకచోటే, బెత్తెడు పైకి.

"నీ చెయ్యి మంచిది. ఈ తుపాకీ మంచిది కాదు. ఎవరు చూసి కొన్నారు?" అన్నాడట.

"మా పెదనాన్న."

"అయితే విప్పి చూసి ఉండడు."

ఆ సాయంత్రం గుడిసెలోకి వచ్చినప్పుడు ఆ పిల్ల బురదతో మోకాళ్ళ దాకా తడిసి ఉంది. తుపాకీ బల్ల మీద పెట్టింది. పరీక్ష సంగతి చెప్పింది. తుమాష్ సంతకం పెట్టిన కాగితం జేరి ముందుంచింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది, "నీ మీద కోపం లేదు పెదనాన్నా. ఆ రోజు ఎండ మండిపోతోంది, రెండు తుపాకులు. ఏదో ఒకటి సరిగ్గా చూసి ఉండవు. నేను కూడా బిగించాక ఒక్కటైనా కొట్టి చూసుకోవాల్సింది. తప్పు ఇద్దరిదీ."

నేను చారు తాగుతున్నాను. "తుపాకీ ఎవరిదైతే తప్పు వాళ్ళదే," అన్నాను.

"అదేం మాటరా," అన్నాడు జేరి.

"ఆ దుప్పిని అడుగు, ఏం మాటో చెబుతుంది."

ప్లాట్సి జేబులోంచి తూటా తీశాడు. నిలబెట్టాడు. "రెండు రోజులు పొగమంచులో వెతికింది. మనలో ఎవడు వెతుకుతాడు? నేనైతే మొదటి రోజే నక్కలకి వదిలేసేవాణ్ణి."

జేరి నిలబెట్టాడు. "తప్పు తుపాకీది. చేతిది కాదు."

ఇద్దరూ నా వైపు చూశారు. బార్లా చూడలేదు. ఆ పిల్ల అప్పటికే పడక మీది పలక కేసి చూస్తోంది. నా తూటా నిలబడుతుందా అన్న అనుమానం కూడా లేనట్టు చూస్తోంది. అది నాకు మరీ చిరాకనిపించింది. తూటా తీసి బల్ల మీద పడుకోబెట్టాను. అది కొంచెం దొర్లి చారుగిన్నెకి తగిలి ఆగింది.

"ఒరే లురేన్," అన్నాడు ప్లాట్సి.

"పద్ధతి పద్ధతే. ఎందుకని అడక్కూడదు."

బార్లా ఆ తూటా కేసి చూసింది. ఏడవలేదు. "సరే పెదనాన్నా," అంది. కంబళి మడిచింది. వెళ్ళిపోయేవాళ్ళు తలుపు మీది తమ అట్ట తీసుకుపోవాలి. ఆ పిల్ల తలుపు తెరిచి తన అట్ట మేకు ఊడబీకుతోంది. బయట గాలి. నా అట్టకి పైన ఒక్కటే మేకు, అది గాలికి ఎగిరి తిరగబడింది. ఆ పిల్ల చెయ్యి గాల్లో ఆగిపోయింది.

వెనకవైపు కోయిర అంగడి ముద్ర ఉంది. ఎర్ర పెన్సిలు నంబరు ఉంది. ఆ నంబరు ఆ పిల్లకి కంఠతా వచ్చు, కొనుగోలు కాగితం మీద ఉన్నది అదే.

అట్ట పీకి లోపలికి తెచ్చింది. దీపం దగ్గర పెట్టి, అటు తిప్పి, నేను అంటించిన కాగితం ముక్కలు గోటితో ఒక్కొక్కటే ఊడదీసింది. ముద్రవైపు తిప్పితే, నా కొత్త మూడు కాక, మూడు నడిమధ్య. మూడు జానెడు ఎడమకి. తొందరపడలేదు. ఆరూ ఊడదీసేదాకా గుడిసెలో గోటి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ అట్టని పడుకున్న నా తూటా పక్కన పెట్టింది.

"విప్పి బిగించి చూశావు," అంది. "ముందు మూడు, తర్వాత మూడు. నువ్వు చెప్పినట్టే."

జేరి అట్ట తీసుకుని చూశాడు. ప్లాట్సికి ఇచ్చాడు. ప్లాట్సి చూసి లేచి, నా సంచి తలుపు బయటికి విసిరేశాడు. ఎండు మాంసం, సాక్సులు అన్నీ మంచులో పడ్డాయి.

"బార్లా, వీడి పడక ఖాళీ అయింది. మీ నాన్నది కూడా ఖాళీగానే ఉంది. రెండింట్లో ఏది కావాలో తీసుకో," అన్నాడు.

"వద్దు మావయ్యా."

"వద్దంటే? ఇంత చేసిన తర్వాత..."

"మా పెదనాన్న తూటా పడుకుంది. ఒక్కటి పడుకున్నా పడక లేదు. మీ పద్ధతే కదా." తుపాకీ తీసుకుంది. గొట్టం విప్పలేదు. అలాగే, పొడుగ్గా, వీపుకి అడ్డంగా కట్టుకుంది. ఆ నిచ్చెన అలాగే దిగిందట, గొట్టం ఒక్క మెట్టుకి కూడా తగల్లేదట.

నన్ను వెళ్ళగొడతారనుకున్నాను. ఆ రాత్రే నా సంచి నేనే ఏరుకుని తెచ్చుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. వెళ్ళగొడితే ఊళ్ళో సంగతి చెప్పాలి, చెబితే గుడిసె పరువు పోతుంది. ఉంచుకున్నారు. కానీ మర్నాడు పొద్దున లేచేసరికి ఆ అట్ట నా పడక తలవైపు, నా పేరు మీద మేకు కొట్టి ఉంది. ఎవరు కొట్టారో అడగలేదు. తర్వాత పంతొమ్మిది సెప్టెంబర్లు దాని కిందే పడుకున్నాను. మొదటి ఏడాది పీకేశాను. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది, ఈసారి మేకులు నాలుగు.

బాల్ట్సర్ పడక ఫ్లురీన్‌కి ఇద్దామని నేనే అడిగాను. పద్ధతి పక్కన పెట్టి, వాడు వేటకి రాకముందే వాళ్ళిద్దరూ తూటాలు నిలబెట్టారు కూడా, నా మొహం చూసి నవ్వుకుంటూ. ఫ్లురీన్ ఒక్కరోజు కొండెక్కి వచ్చాడు. నా తల మీది అట్ట చూశాడు. ఏమిటని జేరిని అడిగాడు. జేరి చెప్పాడు. వాడు ఆ సాయంత్రమే దిగిపోయాడు. ఇప్పుడు చేపలు పడతాడు. పడక అలాగే ఉంది. బంగాళాదుంపల బస్తా పెట్టుకుంటారు దాని మీద.

ఆ వేట అయ్యాక వచ్చిన కొత్త సంవత్సరం రోజున బార్లా మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ అక్రోటు రొట్టె కోసి పెట్టింది, చెర్రీ సారా పోసింది. ముట్టుకోలేదు. వార్తా పత్రికలో చుట్టిన పొడుగాటి వస్తువు బల్ల మీద పెట్టింది.

"ఇన్నేళ్ళూ నువ్వే ఇచ్చావు పెదనాన్నా. ఈసారి నాది."

విప్పితే సన్న గొట్టం. దండ తెచ్చినది.

"జిల్లా పోటీలకి వెళ్ళవా?" అంది మా ఆవిడ. ఆవిడకి ఏమీ తెలియదు.

"ఇది బిగించాలంటే అది విప్పాలి పెద్దమ్మా. అది ఇంక విప్పను," అంది. వాకిట్లో బూట్ల మంచు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊరి గురిబాట దగ్గర ఎవరూ ఆ పిల్లని చూడలేదు.

వాగుకి అవతలి కొండ మీద ఒంటరిగా వేటాడుతుంది. ప్రతి ఏడూ వేట మొదటి రోజు పొద్దున అటునుంచి ఒక్క తుపాకీ చప్పుడు వస్తుంది. రెండోది రాదు. జేరి బతికున్నన్నాళ్ళూ ఆ చప్పుడు వినపడగానే కాఫీ కప్పు కింద పెట్టి నా వైపు చూసి, "ఒకటి," అనేవాడు. అంతే. ఇంకేమీ అనేవాడు కాదు. ఇప్పుడు నేను కొండెక్కలేను. ఇంటి ముందు బెంచీ మీద కూర్చుంటే ఇక్కడికీ వినపడుతుంది.

ఆ సన్న గొట్టం పొయ్యి పక్కనే ఉంది. నిప్పు ఎగదోయడానికి వాడుతున్నాం. మంచి ఉక్కు, వంగదు. ఒక కొస నల్లగా కాలింది. నోటితో ఊదితే మంట బాగా లేస్తుంది కూడా.

ఆ తూటా ఎందుకు పడుకోబెట్టానని ప్లాట్సి చచ్చేముందు మంచం మీద అడిగాడు. పద్ధతి ప్రకారం అడగకూడదు, అయినా అడిగాడు. చెప్పలేదు. మళ్ళీ ఆ సాయంత్రమే వస్తే మళ్ళీ అలాగే పడుకోబెడతానేమో. అట్టకి మాత్రం రెండోవైపు వాడను.